ఐదో ప్లగ్గులోంచి నీళ్లు రాలేదు

ఇది సముద్రంతో పదమూడేళ్లు పోరాడిన మనిషి కథ. ఉప్పుగాలి, తాటిచెట్టంత కెరటాలు, తెగిన తాళ్లు, నెత్తురోడే చేతులు అన్నీ ఉంటాయి. గుండె దిటవు చేసుకుని చదవండి.

అబద్ధం. నేను పనిచేసిన షెడ్డు కాన్‌బెర్రాలో ఉంది. అక్కణ్ణుంచి సముద్రం రెండు గంటల డ్రైవు, మధ్యలో ఘాట్ రోడ్డు. ఈ పదమూడేళ్లలో నేను సముద్రం మీదికి వెళ్లింది రెండుసార్లు. రెండుసార్లూ ఒడ్డు కనపడుతుండగానే వాంతి చేసుకున్నాను. చేతులు నెత్తురోడిన మాట మాత్రం నిజం. ట్యూబులకి బిగించే క్లిప్పులు గీసుకుని.

మా ఊరి తెలుగు సంఘం సంచికకి రిటైరైనవాళ్ల వృత్తి అనుభవాలు కావాలన్నారు. నాకు ముందు పేజీల్లో గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరుగారు, వంతెనలు కట్టిన ఇంజనీరుగారు ఉన్నారు. తర్వాత నేను, షికారు పడవల మెకానిక్కుని. ముప్పై ఎనిమిదేళ్లకి రిటైరయ్యాను. నవ్వకండి. పడవ ఇంజన్ ఉండే గుంటలోకి పదమూడేళ్లు తలకిందులుగా దిగితే నడుములో డిస్కు ముందుగా రిటైరవుతుంది, మనిషి దాని వెనకాల వెళ్లాలి. ఇప్పుడు గంగాలిన్ నుంచి సిటీకి ట్రామ్ నడుపుతున్నాను. దానికి స్టీరింగ్ కూడా లేదు. నడుముకి చాలా నచ్చింది.

ప్రమోషన్ల గురించి రాయను. షెడ్డులో ఇద్దరమే. నాకు ప్రమోషన్ రావాలంటే మా బాస్ బ్యారీ పోవాలి. ఆయన డెబ్బై దాటి ఇప్పటికీ నాకంటే గట్టిగా ఉన్నాడు.

పని అంటే ఇదీ

ఇక్కడివాళ్లు ఎండాకాలమంతా పడవల్ని తిప్పి, ఇక్కడ చలి మొదలయ్యే మే నెల రాగానే ట్రైలర్ మీద లాక్కొచ్చి మా షెడ్డులో వదిలేస్తారు. అక్టోబరులో మళ్లీ పట్టుకెళతారు. ఈ మధ్యకాలంలో పడవ చెడిపోకుండా చూడటమే మా పని. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, అది పాడవకుండా మందు కలపాలి. ఇంజన్‌ని మంచినీళ్లతో కడగాలి. ఆయిల్ మార్చాలి. సిలిండర్లలోకి తుప్పు పట్టకుండా నూనె కొట్టాలి. బ్యాటరీ విప్పి బల్లమీద పెట్టాలి. పైన టార్పాలిన్ కప్పాలి. చంటిపిల్లని పడుకోబెట్టినట్టే, కాకపోతే పాట పాడనక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు తీసెయ్యడం. చాలా పడవ ఇంజన్లు అవి తేలే నీళ్లనే లోపలికి లాక్కుని చల్లబడతాయి. ఆపేశాక కొన్ని నీళ్లు ఇంజన్ దిమ్మలో ఉండిపోతాయి. కాన్‌బెర్రా చలికి ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి. ఉబ్బితే పోత ఇనుము కూడా పగులుతుంది. పగిలితే ఆ ఇంజన్ ఇక పడవకి లంగరుగా పనికొస్తుంది.

అందుకని కింద ప్లగ్గులుంటాయి. నేను ఎక్కువగా చూసిన ఇంజన్‌కి ఐదు. నాలుగు కంటికి కనపడతాయి. ఐదోది స్టార్టర్ మోటారు వెనక ఉంటుంది. దాన్ని చేత్తో తడిమి పట్టుకోవాలి. ఇంజనీరు భోజనానికి వెళ్లేటప్పుడు గుర్తొచ్చి పెట్టినట్టుంటుంది.

నా డిగ్రీ

మా నాన్న తాడేపల్లిగూడెంలో ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. చేలకి నీళ్లు తోడే రకం. నేను ఇక్కడ యూనిలో మెకానికల్ మాస్టర్స్ చదివి, ఏడాదిపాటు పెట్రోల్ బంకులో పనిచేసి, ఒకరోజు బ్యారీ షెడ్డు ముందు నిలబడ్డాను. ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. టీ కప్పు పట్టుకుని రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఇంజన్‌లో నీళ్లెందుకు?"

"చల్లబడటానికి."

"చలికాలంలో?"

"ఇంకా చల్లబడటానికి."

"యా. దట్స్ ద ట్రబుల్, మేట్," అని, గోడకి తగిలించిన ఒక వైరు తీసి చేతిలో పెట్టాడు. పాత బట్టల హ్యాంగర్‌ని సాగదీసి, కొన కాస్త వంచిన వైరు. "ప్లగ్గు విప్పుతావ్. నీళ్లొస్తే మంచిది. రాకపోతే ఖాళీ అయిందనుకోకు. ఇసకో, తుప్పో అడ్డుపడింది. దీంతో పొడు. ప్రతి కన్నం, ప్రతిసారి."

ఉద్యోగం ఇచ్చినట్టా కాదా అని అడిగితే, టీ తాగడం పూర్తిచేసి, "నువ్వింకా ఇక్కడే ఉన్నావుగా" అన్నాడు.

కుక్క ముందు దిగింది

మొదటి ఏడాది తప్పు ఒకటి చెప్పుకుని తర్వాత పెద్దదానికి వెళతాను.

పడవ అడుగున ఒక బిరడా ఉంటుంది. ఇక్కడ బంగ్ అంటారు. షెడ్డులో ఉన్నంతకాలం దాన్ని తీసి ఉంచుతాం, లోపల చేరిన తడి బయటికి పోవాలి కదా. నేను ఒక లాయర్‌గారి పడవకి బంగ్ తీసి, జాగ్రత్తగా, ఎవరికీ కనపడనంత జాగ్రత్తగా, సీటు కింద అరలో దాచాను. అక్టోబరులో ఆయన భార్యతో, కూల్‌డ్రింకుల పెట్టెతో, కుక్కతో సరస్సులోకి దిగాడు. పది నిమిషాల్లో సరస్సు పడవలోకి దిగింది. మొదట కనిపెట్టింది కుక్క. అది గెంతి ఒడ్డుకి ఈదింది. మిగతావాళ్లు మోకాళ్ల లోతులో నడిచొచ్చారు. అంతకంటే లోతు లేదక్కడ.

లాయర్‌గారు కేసు వెయ్యలేదు. "ఐ షుడ్ హావ్ చెక్డ్" అన్నాడు. లాయరు నోట ఆ మాట విన్నవాణ్ణి కాన్‌బెర్రాలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

అప్పట్నుంచి షెడ్డులో ఒక పద్ధతి పెట్టాం. విప్పిన ప్రతి ప్లగ్గూ, బంగూ ఒక సంచిలో వేసి స్టీరింగ్‌కి కట్టాలి. సంచి విప్పకుండా పడవ కదలకూడదు. సంచి కట్టేముందు పైకి లెక్కపెట్టాలి, ఇంకొకరికి వినపడేలా. పద్ధతి మంచిదే. దాంట్లో లోపం ఒక్కటే, అది ప్లగ్గుల్ని లెక్కపెడుతుంది గానీ నీళ్లని లెక్కపెట్టదు.

పూజ

మూడో ఏడాది మే చివర్లో కామేశ్వరరావు అంకుల్ పడవ కొన్నాడు. ఆయన మత్తు డాక్టరు, ఈ ఊళ్లో పాతికేళ్లుగా జనాన్ని నిద్రపుచ్చుతున్నాడు. సీజను అయిపోయాక చవగ్గా వస్తుందని, సముద్రపు ఒడ్డు ఊళ్లో ఎవరో వాడేసిన పడవ తెచ్చాడు. బుధవారం బ్యారీయే స్వయంగా దాని నీళ్లు తీశాడు. ఐదు కన్నాలూ వైరుతో పొడిచాడు. ఐదోదాంట్లోంచి గుప్పెడు ఇసక రాలింది.

శుక్రవారం విజయ ఆంటీ ఫోన్ చేసింది. ఆవిడ అంకుల్ భార్య.

"రవీ, బండికి పూజ చెయ్యకుండానే లోపల పెట్టేశారంట?"

"ఆంటీ, అది బండి కాదు, పడవ."

"చక్రాలున్నాయా లేవా?"

"ట్రైలర్‌కి ఉన్నాయి."

"ఇంకేంటి మరి! రేపు మార్నింగ్ లెవెన్ ఫార్టీకి మంచి టైముంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. స్టార్ట్ చెయ్యకపోతే పూజ ఎలా అవుతుంది?"

స్టార్ట్ చెయ్యాలంటే ఇంజన్‌లోకి గొట్టంతో నీళ్లు ఎక్కించాలి, తర్వాత మళ్లీ అన్నీ తియ్యాలి. బ్యారీతో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఫుడ్ ఉంటుందా?" అన్నాడు. ఉంటుందన్నాను. "అయితే ఓకే."

శనివారం షెడ్డు కళకళలాడింది. ప్రొపెల్లర్ మూడు రెక్కలకీ మూడు బొట్లు. టైర్ల కింద నిమ్మకాయలు. అవెందుకని బ్యారీ అడిగితే, "బ్రేకులు టెస్ట్ చెయ్యడానికి" అన్నాను. ఆయన తలూపాడు. ఆంటీ కొబ్బరికాయ పడవ ముక్కు మీదే కొడతానంది. అది ఫైబర్, కాయ కంటే ముందు పడవ పగులుతుందని బతిమాలి, కింద సిమెంటు మీద కొట్టించాను. పడవ పగలకుండా కాపాడానని ఆ పూటంతా గర్వపడ్డాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

పదకొండు నలభైకి ఇంజన్ స్టార్ట్ చేశాను. రెండు నిమిషాలు నడిచింది. ఆంటీ దండం పెట్టుకుంది. ఆపేశాను.

అందరూ పులిహోర దగ్గరికి నడిచారు. నేను గుంటలోకి దిగి ప్లగ్గులు విప్పాను. నాలుగింటిలోంచి నీళ్లొచ్చాయి. ఐదోదాంట్లోంచి రాలేదు. వైరు షెడ్డు అవతలి గోడకి ఉంది. పులిహోర ఇవతలి బల్లమీద ఉంది. బ్యారీ అప్పటికే రెండో ప్లేటు పెట్టుకుంటున్నాడు, మనిషి ఆగేలా లేడు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి తర్కం ఉపయోగించాను. బుధవారమే ఎండగట్టిన ఇంజన్. నడిచింది రెండు నిమిషాలు. ఆ మూలకి నీళ్లు వెళ్లే ఉండవు. అందుకే రాలేదు.

"వన్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్," అని ప్లగ్గులు పైకి లెక్కపెట్టి సంచిలో వేసి స్టీరింగ్‌కి కట్టాను. బ్యారీ నోరు ఖాళీ లేక బొటనవేలు ఎత్తి చూపించాడు.

పులిహోర చాలా బాగుంది. అది ఒప్పుకోవాలి.

మైనస్ ఆరు

జులైలో ఒక సోమవారం పొద్దున లేచేసరికి కారు అద్దం మీద వేలెడు మందాన మంచు. మైనస్ ఆరు. గీకుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఐదో ప్లగ్గు గుర్తొచ్చింది.

తాడేపల్లిగూడెంలో పుట్టినవాడికి నీళ్లు గడ్డకడతాయని పుస్తకం చెబుతుంది. ఒంటికి తెలీదు. మా ఊళ్లో ఐస్ అంటే సోడా బండివాడి దగ్గర గోనెసంచిలో ఉండేది. అది ఇనుముని చీలుస్తుందని చెప్పినా నవ్వుతాం. ఆ పొద్దున అద్దం గీకుతూ మొదటిసారి ఒంటితో నమ్మాను. నెల పైనే ఆలస్యమైంది.

షెడ్డుకి వెళ్లి టార్పాలిన్ ఎత్తి, టార్చితో గుంటలోకి దిగాను. స్టార్టర్ మోటారు కింద, దిమ్మ మీద, పెన్సిలంత పొడవు చీలిక. చుట్టూ తుప్పు రంగు తడి. ఎవరో సున్నితంగా గీత గీసినట్టుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పట్లో నేను ఈ దేశంలో ఉండటానికి ఆధారం బ్యారీ ఉద్యోగమే. పర్మనెంట్ రెసిడెన్సీకి ఆయన నన్ను స్పాన్సర్ చేస్తున్నాడు. కాగితాలు ఆయన బల్లమీదే, టీ కప్పు కింద ఉన్నాయి. శుక్రవారం సంతకం పెడతానన్నాడు. పెట్టకపోతే నేను కొత్త యజమానినో, తాడేపల్లిగూడెం టికెట్టో వెతుక్కోవాలి. చీలిక మాత్రం అక్టోబరు దాకా ఎవరికీ కనపడదు. ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది. అప్పటికి నా కాగితాల పని అయిపోతుంది. అప్పుడు "అరే, ఎలా పగిలిందో" అంటే చాలు. పాత పడవ, ఎవరో వాడి అమ్మింది. అందరూ నమ్ముతారు.

టార్పాలిన్ మళ్లీ కప్పాను.

సోమవారం, మంగళవారం, బుధవారం నేను షెడ్డులో ఎవరూ చెయ్యనంత పని చేశాను. తుడవక్కర్లేనివి తుడిచాను. బ్యారీకి అడక్కుండానే టీ పెట్టాను. మూడో టీకి ఆయన, "యూ రైట్, రవ్?" అన్నాడు. "ఆల్ గుడ్" అన్నాను. ఈ దేశంలో మనవాళ్లు మొదట నేర్చుకునే అబద్ధం అదే.

బుధవారం సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగిలిందా?" అన్నాడు. "ఏరా, ఫ్రిజ్‌లో గానీ పెట్టావా?"

"ఇక్కడ చలికి అంతే నాన్నా."

"సరే. పగిలింది. ఓనరుకి చెప్పావా?"

"లేదు."

"మీ బాసుకి?"

"లేదు నాన్నా. శుక్రవారం సంతకం..."

"మరి నాకెందుకు చెబుతున్నావ్? ఇంజన్ నాదా?"

ఫోన్ పెట్టేశాడు. కోపంతో కాదు, గిరాకీ వచ్చారట.

బ్యారీ టీ కప్పు

గురువారం పొద్దున బ్యారీ ముందు నిలబడ్డాను. రాత్రంతా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. క్షమాపణ, కారణం, రాజీనామా, మళ్లీ క్షమాపణ. నోట్లోంచి వచ్చింది మాత్రం "డాక్టర్ పడవ పగిలింది. నేనే" అన్న రెండు ముక్కలు.

ఆయన టార్చి తీసుకుని గుంటలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచాడు.

"వైరు పెట్టావా?"

"లేదు."

"ఎందుకు?"

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. "పులిహోర."

బ్యారీ టార్చి ఆర్పాడు. షెడ్డు పెద్ద తలుపు దగ్గరికి నడిచి, కాలితో ఒకదాన్ని తట్టాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా దాని కింద ఎప్పుడూ ఒక ఇనుప దిమ్మ ఉండేది. రెండేళ్లుగా నా కాలికి అది తగలని వారం లేదు. పెయింటు పూసి ఉండటంతో ఎప్పుడూ పట్టించుకోలేదు. వంగి చూశాను. ఇంజన్ దిమ్మ. పక్కన చీలిక, నాదానికంటే పొడుగు.

"నా మొదటి చలికాలం," అన్నాడు. "నాకు పులిహోర కూడా లేదు. ఫుటీ మ్యాచ్ రేడియోలో వస్తోంది."

నా కళ్లు కొంచెం తడయ్యాయి. ఆయన అది చూసి ఇబ్బందిపడి అటు తిరిగి, "మంచిదే. వెనక తలుపుకి కూడా ఒకటి కావాలనుకుంటున్నా," అన్నాడు. తర్వాత, "డాక్టర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెయ్యను," అన్నాడు.

ఆంటీ వాదన

సాయంత్రం అంకుల్, ఆంటీ వచ్చారు. చీలిక చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. పులిహోర దగ్గర కొంచెం నసిగాను.

అంకుల్ నా చేతిలోంచి టార్చి తీసుకుని మళ్లీ చూశాడు. తర్వాత, "ఎలా తెలిసింది, అక్టోబరు దాకా తెలీదుగా?" అన్నాడు.

"సోమవారమే చూశానంకుల్."

"ఇవాళ గురువారం."

"అవునంకుల్."

"మూడు రోజులు." ఆయన వేళ్లు లెక్కపెట్టలేదు గానీ లెక్కపెట్టినట్టే ఉంది. "ఆపరేషన్ అయ్యాక మేమూ లోపల ఏమీ మర్చిపోలేదని పైకి లెక్కపెట్టిస్తాం. లెక్క తప్పితే మూడు నిమిషాలు కూడా ఆగం. తెలుసా?"

"తెలిసింది అంకుల్."

ఆంటీ ప్రొపెల్లర్ మీద ఇంకా మిగిలిన బొట్టు చూస్తూ, "పూజ చేశాక ఇలా ఎందుకైందండీ?" అంది.

"పూజ చేసినందుకే అయింది," అన్నాడు అంకుల్.

"మీకేం తెలీదు. పూజ చేశాం కాబట్టే షెడ్డులో పగిలింది. లేకపోతే సముద్రం మధ్యలో పగిలేది. అప్పుడు ఎవరు ఈదుతారు, మీరా?"

అంకుల్‌కి ఈత రాదని అప్పుడు తెలిసింది. పడవ కొన్నాయనకి. ఆయన నా వైపు చూసి, "ఇంజన్ వేసేటప్పుడు ఒక లైఫ్ జాకెట్ కూడా చూడు, నా సైజుది," అన్నాడు. అంతే. దానికి మించి ఒక్కమాట అనలేదు, ఆ రోజూ, తర్వాతా.

ఆగస్టులో శనివారాలన్నీ బ్యారీ, నేను కలిసి ఆ పడవకి వేరే ఇంజన్ ఎక్కించాం. ఆయన రావాల్సిన పనిలేదు. వచ్చాడు. రేడియోలో ఫుటీ పెట్టుకోలేదు.

కాగితాల సంగతి. ఆ మర్నాడే, శుక్రవారం పొద్దున, బ్యారీ నన్ను పిలిచి, నేను చూస్తుండగా సంతకం పెట్టాడు. "మూడు రోజులు ఎక్కువే, నాకు చెప్పడానికి ఆరు వారాలు పట్టింది," అని మాత్రం అన్నాడు. జీవితంలో అంత గొప్ప క్షణం నాకు ఇంకోటి లేదు. సంతకం పక్కన ఆయన బొటనవేలి గ్రీజు ముద్ర పడింది. స్కాన్‌లో నల్లగా వస్తోందని వీసా ఏజెంటు వెనక్కి పంపాడు. మళ్లీ ప్రింట్ తీసి, చెయ్యి కడిగించి, మళ్లీ పెట్టించాను. గొప్ప క్షణాన్ని మంగళవారం రెండోసారి జరుపుకున్నాం.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి

మీలో కొందరు యూని అయ్యాక ఇలాంటి షెడ్డుల్లోకే వస్తారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "మెరైన్ ఇండస్ట్రీ" అంటారు. అనండి, తప్పులేదు. నేనూ అన్నాను.

చదువు ఇక్కడ అడ్డం రాదు, ఒక్క సందర్భంలో తప్ప. నీళ్లు ఎందుకు రాలేదో మీకు వెంటనే కారణం తోస్తుంది చూడండి, అప్పుడు. చదువుకోనివాడు పొడిచి చూస్తాడు. మనం కారణం చెప్పుకుని భోజనానికి వెళతాం. ఆ తర్వాత పదేళ్లలో నా చేతిమీద ఒక్క ఇంజన్ కూడా పగల్లేదు. తెలివి పెరిగి కాదు. దాన్ని వాడటం మానేశాను కాబట్టి.

మంచి బాస్ ఎలా ఉంటాడో నాకు తెలీదు, నేను చూసింది ఒక్కణ్ణే. తన పగిలిన ఇంజన్‌ని పారేయకుండా, రోజూ తలుపు తీసేటప్పుడు చూసేలా పెట్టుకున్నవాడు. అలాంటివాడు దొరికితే వదలకండి. దొరక్కపోతే మీ ఇంజన్‌నే దాచుకోండి.

నా చివరి రోజున బ్యారీ ఉపన్యాసం ఇవ్వలేదు. విజయ ఆంటీ మాత్రం డబ్బా నిండా పులిహోర పంపింది, మూత మీద "వైరు పెట్టాకే తినాలి" అని రాసి. రెండు తలుపులూ తీసే ఉన్నాయి. ముందు తలుపు కింద ఆయన దిమ్మ, వెనక తలుపు కింద నాది. నాదానికి కూడా ఆయనే పెయింటు పూశాడు. ఈ దేశంలో నా పేరు మీద ఉన్న మొదటి స్థిరాస్తి అదే. వెళ్లేముందు గోడమీది వైరు తీసి నా చేతిలో పెట్టాడు. చాలాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. "చూసుకున్నావుగా, ఇక ఇచ్చెయ్, రేపు పనుంది," అని మళ్లీ తీసుకుని గోడకి తగిలించాడు.

మీకు అలాంటి వైరు కావాలంటే పాత ఇనుప హ్యాంగర్ సాగదీస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ హ్యాంగర్ పనికిరాదు.